వీలునామా ద్వారా ఏర్పడే ట్రస్టు

గత భాగంలో వీలునామా అంటే ఏమిటో, దాన్ని ఎవరు ఏ విధంగా రాయాలో తెలుసుకున్నారు. వీలునామా రాసిన వ్యక్తి మరణించాక అతని ఆస్తి, అందులో పేర్కొన్నవారికి చెందుతుంది. ఆ తరువాత దాన్ని అమ్ముకోవడం, దాచుకోవడం, పోగొట్టుకోవడం వారి ఇష్టం. చాలా కుటుంబాలకు ఈ ఏర్పాటు సరిపోతుంది. కానీ ఆస్తి ఎవరికి చెందాలో వారే దాన్ని నిర్వహించుకోలేని స్థితిలో ఉంటే ఏం చేయాలి? వీలునామా ద్వారా ట్రస్టును ఏర్పాటు చేయడం ఇందుకు ఉన్న మార్గాల్లో ఒకటి. ఈ భాగంలో దాన్ని వివరంగా పరిశీలిద్దాం.

4.1 ఒక కుటుంబం, ఒక ప్రశ్న

పెద్దపల్లి జిల్లా గోదావరిఖనిలో సింగరేణి గనిలో పనిచేసి విరమణ పొందిన ఒక కార్మికుడు ఉన్నాడనుకుందాం. అతనికి భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. చిన్న కొడుక్కి 30 ఏళ్లు. పుట్టుకతోనే మేధోవైకల్యం ఉంది. తన పనులు చాలావరకు తానే చేసుకుంటాడు గాని డబ్బు లెక్క తెలియదు. సంతకం పెట్టమంటే ఏ కాగితం మీదైనా పెడతాడు. తండ్రికి సుల్తానాబాద్ దగ్గర స్వార్జితంతో కొన్న 3 ఎకరాల పొలం, బ్యాంకులో 40 లక్షల రూపాయల డిపాజిట్లు, ఒక ఇల్లు ఉన్నాయి. "మేం పోయినంక వీని గతి ఏంది?" అన్నది ఆ తల్లిదండ్రులను నిద్రపోనివ్వని ప్రశ్న.

ఆస్తిలో కొంత నేరుగా చిన్న కొడుకు పేర రాయవచ్చు. అప్పుడు ఎవరో ఒకరు అతనితో సంతకం పెట్టించుకొని పొలం రాయించుకునే ప్రమాదం ఉంది. మానసిక సామర్థ్యం లేని వ్యక్తి చేసిన ఒప్పందం చెల్లదని చట్టం చెబుతుంది, నిజమే. అయితే ఆ సంగతి కోర్టులో నిరూపించడానికి ఏళ్లు పడుతుంది. పైగా అతని తరఫున దావా వేసేవారు ఒకరుండాలి.

మన పల్లెల్లో ఎక్కువగా కనిపించేది రెండో పద్ధతి. మొత్తం పెద్ద కొడుకు పేర రాసి, "తమ్ముణ్ణి చూసుకో బిడ్డా" అని చెప్పడం. పెద్ద కొడుకు మంచివాడే కావచ్చు. కానీ ఆస్తి చట్టప్రకారం పూర్తిగా అతనిదైపోతుంది. అతను అప్పులపాలైతే అప్పులవాళ్లు ఆ పొలాన్నే జప్తు చేయించగలరు. అతను తమ్ముడికంటే ముందే మరణిస్తే ఆస్తి అతని భార్యాపిల్లలకు పోతుంది. తండ్రికి ఇచ్చిన మాట వారిని చట్టరీత్యా కట్టిపడేయదు. అంటే ఇక్కడ సమస్య అన్న మంచితనం గురించి మాత్రమే కాదు.

మూడో మార్గం ట్రస్టు. ఇందులో ఆస్తి ఒకరి పేర ఉంటుంది, ప్రయోజనం మరొకరికి చెందుతుంది. పేరున్న వ్యక్తి ఆ ఆస్తిని తనదిగా వాడుకోకూడదు.

4.2 ట్రస్టు స్వరూపం

ప్రైవేటు ట్రస్టులకు మన దేశంలో ఆధారం 1882 నాటి భారతీయ ట్రస్టుల చట్టం. ట్రస్టును ఏర్పరచే వ్యక్తిని ట్రస్టుకర్త అని, బాధ్యత స్వీకరించే వ్యక్తిని ట్రస్టీ లేదా ధర్మకర్త అని, ఎవరి మేలు కోసం అది ఏర్పడిందో వారిని లబ్ధిదారు అని అంటారు. మన ఉదాహరణలో తండ్రి ట్రస్టుకర్త, చిన్న కొడుకు లబ్ధిదారు. ట్రస్టీ ఎవరన్నది 4.5లో చూద్దాం. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ట్రస్టును బతికుండగానే ఏర్పాటు చేయవచ్చు, వీలునామా ద్వారానూ చేయవచ్చు. మొదటి రకానికి మనకు దగ్గరి ఉదాహరణ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఆయన తన కుటుంబం కోసం 1950లో ఫ్యామిలీ ట్రస్టును, 1951, 1952లలో నగల ట్రస్టులను నెలకొల్పారు. ఆయన మరణించింది 1967లో. అంటే ఆ ట్రస్టులు ఆయన కళ్ల ముందే పనిచేశాయి. అలాంటి ట్రస్టులో స్థిరాస్తి ఉంటే దస్తావేజు రాసి రిజిస్టరు చేయాలి, ఆస్తిని ట్రస్టీలకు బదిలీ చేయాలి. స్టాంపు ఖర్చు ఉంటుంది. ఆ రోజు నుంచి ఆస్తి మీద పూర్తి పెత్తనం ట్రస్టుకర్తకు ఉండదు.

వీలునామా ట్రస్టు ఇందుకు భిన్నం. తండ్రి బతికున్నంతకాలం పొలం, డిపాజిట్లు అతనివే. కావాలంటే అమ్ముకోవచ్చు, వీలునామాను మార్చుకోవచ్చు, చించేయవచ్చు. మరణంతోనే ట్రస్టు పుడుతుంది. వీలునామా రిజిస్ట్రేషను కూడా తప్పనిసరి కాదు. అందువల్ల ఖర్చు తక్కువ, స్వేచ్ఛ ఎక్కువ. దీనికి ఒక పెద్ద లోటు ఉంది. తండ్రి పక్షవాతంతో మంచానపడి ఐదేళ్లు బతికితే, కొడుకు అవసరాలు ఆ ఐదేళ్లూ ఆగవు. కానీ ట్రస్టు ఇంకా పుట్టలేదు. మరణానికి ముందే వచ్చే అశక్తతకు వీలునామాలో ఏ మందూ లేదు. ఈ భయం ఎక్కువగా ఉన్న కుటుంబాలు కొద్దిపాటి మొత్తంతో బతికుండగానే ట్రస్టు పెట్టి, మిగిలిన ఆస్తిని వీలునామా ద్వారా దానికే చేర్చడం మంచిది.

4.3 మాటల బరువు

చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం ట్రస్టు ఏర్పడాలంటే ట్రస్టుకర్త ఉద్దేశం, ట్రస్టు ప్రయోజనం, లబ్ధిదారు, ఆస్తి అన్నీ తగినంత స్పష్టంగా తెలియాలి. ఆ సెక్షన్ కిందే చట్టం కొన్ని ఉదాహరణలు ఇచ్చింది. ఒకరికి ఆస్తి ఇస్తూ, దాన్ని ఫలానా వ్యక్తి మేలుకోసం వినియోగిస్తాడన్న పూర్తి నమ్మకంతో ఇస్తున్నానని రాస్తే ట్రస్టు ఏర్పడుతుంది. ఆస్తిని కుటుంబంలోనే నిలుపుతాడని ఆశిస్తున్నానని రాస్తే ఏర్పడదు. కుటుంబం అంటే ఎవరో తేలలేదు కాబట్టి. ఆస్తిలో ఎక్కువ భాగం ఫలానావారి పిల్లలకు పంచాలని కోరితే అదీ నిలవదు. ఎక్కువ భాగం అంటే ఎంతో తెలియదు.

కాబట్టి "పెద్దోడు తమ్ముణ్ణి మంచిగ చూసుకోవాలె" అన్న వాక్యం వీలునామాలో ఉన్నంత మాత్రాన ట్రస్టు ఉందని చెప్పలేం. ఏ సర్వే నంబరులో ఎన్ని ఎకరాల ఎన్ని గుంటలు, ఏ బ్యాంకులోని ఏ డిపాజిట్లు, ఎవరు ట్రస్టీలుగా, ఎవరి జీవితకాలం, ఏ ఖర్చుల కోసం ఉంచుకోవాలి, ఆ లబ్ధిదారు మరణించాక మిగిలింది ఎవరికి చెందాలి అన్నవి విడివిడిగా రాయాలి.

ఖర్చుల విషయంలో ఒక లెక్క చూద్దాం. 40 లక్షల మీద 7 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 2,80,000 రూపాయలు, నెలకు సుమారు 23,300 వస్తుంది. నేటికి ఇది చాలవచ్చు. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే దాదాపు 12 ఏళ్లలో రూపాయి విలువ సగమవుతుంది, 24 ఏళ్లలో పావు వంతుకు దిగుతుంది. కొడుక్కి ఇప్పుడు 30 ఏళ్లే. "నెలకు 20,000 ఇవ్వవలెను" అని అంకె వేసి రాసిన వీలునామా అతనికి 54 ఏళ్లు వచ్చేసరికి నేటి 5,000 విలువ మాత్రమే ఇస్తుంది. దానికి బదులు అతని తిండి, బట్ట, వైద్యం, సహాయకుని జీతం వంటి అవసరాలను పేర్కొని, వడ్డీ చాలకపోతే అసలులోంచి కూడా ఖర్చు చేసే అధికారం ట్రస్టీకి ఇవ్వాలి. పొలం అమ్మే అధికారం ఇస్తున్నదీ లేనిదీ కూడా స్పష్టం చేయాలి. కౌలు విషయంలో, వీలునామాలో వేరే అధికారం లేనప్పుడు, 21 ఏళ్లకు మించి ఇవ్వాలంటే జిల్లా న్యాయస్థానం అనుమతి కావాలని 36వ సెక్షన్ చెబుతుంది.

4.4 ఏ ఆస్తి ట్రస్టులోకి వస్తుంది?

తనది కానిదాన్ని ఎవరూ వీలునామా రాయలేరు. తెలిసిన మాటే అయినా తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే తండ్రి తన వాటాకు మాత్రమే వీలునామా రాయగలడు. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ, ఆ తరువాత 2005 నాటి కేంద్ర సవరణ కూతుళ్లకు ఇందులో సమాన హక్కు కల్పించాయి. పెళ్లైన కూతురికి కట్నం ఇచ్చాం గదా అని ఆమె వాటాను కూడా కలిపి రాస్తే ఆ మేరకు వీలునామా నిలవదు. కంపెనీ క్వార్టరు ఆస్తే కాదు. సాదాబైనామాతో కొని ఇంకా పట్టా మారని పొలమైతే ముందు దాని హక్కును సరిచేసుకోవాలి.

బ్యాంకు, బీమా, భవిష్య నిధుల్లో నామినీ పేరు రాస్తారు. నామినీ అంటే డబ్బు అందుకునే వ్యక్తి మాత్రమేనని, యాజమాన్యం వారసత్వ చట్టం ప్రకారమే తేలుతుందని సుప్రీంకోర్టు 1983లో సర్బతీ దేవి కేసులో జీవిత బీమా విషయమై చెప్పింది. 2015లో బీమా చట్టాన్ని సవరించారు. ఇప్పుడు భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు నామినీలుగా ఉంటే సాధారణంగా ఆ సొమ్ము వారికే చెందుతుంది. మన ఉదాహరణలో తండ్రి తన పాలసీకి చిన్న కొడుకును నామినీగా రాస్తే ఆ డబ్బు ట్రస్టును తాకకుండా నేరుగా అతని ఖాతాలో పడుతుంది. ప్రేమతో చేసిన పనే మొత్తం ఏర్పాటును దెబ్బతీస్తుందన్నమాట. బొగ్గుగని కార్మికుల కుటుంబ పెన్షన్ సంగతి వేరు. అది పథకం నియమాల ప్రకారం పోతుంది గాని వీలునామా ప్రకారం కాదు.

ఈ ప్రాంతంలో మరో జాగ్రత్త అవసరం. సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల కోసం రామగుండం, రామగిరి మండలాల వైపు భూసేకరణ జరిగింది. వీలునామాలో ఒక సర్వే నంబరును పేర్కొన్నాక, తండ్రి బతికుండగానే ఆ భూమి సేకరణలో పోయి పరిహారం చేతికొచ్చిందనుకోండి. ఆయన మరణించేనాటికి ఆ భూమి ఆయనది కాదు. కాబట్టి ఆ నిర్దిష్ట దానం రద్దవుతుంది, పరిహారం డబ్బు దానంతటదే ట్రస్టుకు చేరదు. "ఆ భూమిగాని, దానికి బదులుగా వచ్చిన పరిహారంగాని, దానితో కొన్న మరే ఆస్తిగాని" అని ఒక్క వాక్యం చేర్చితే ఈ ఇబ్బంది తప్పుతుంది. మరణానంతరం భూమిని సేకరిస్తే పరిహారం ట్రస్టుకే చెందుతుంది.

ముస్లిం కుటుంబాలకు నియమాలు వేరు. వారసుల సమ్మతి లేకుండా నికర ఆస్తిలో మూడో వంతుకు మించి వీలునామా రాయడానికి వీలులేదు. సున్నీ హనఫీ న్యాయం ప్రకారం వారసుల్లో ఒకరికి రాసిన వీలునామా కూడా మిగిలినవారి సమ్మతితోనే చెల్లుతుంది. అందువల్ల వైకల్యమున్న కొడుకు కోసం ఆ కుటుంబాలు వీలునామా మీద ఆధారపడకుండా, బతికుండగానే హిబా లేదా సంతానం కోసం చేసే వక్ఫ్ గురించి న్యాయవాదిని సంప్రదించాలి.

4.5 ట్రస్టీ ఎవరు?

ట్రస్టీ విధులను చట్టం గట్టిగానే చెప్పింది. సాధారణ వివేకం గల మనిషి తన సొంత ఆస్తిని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలి. లెక్కలు రాయాలి, అడిగితే చూపాలి. ట్రస్టు ఆస్తితో సొంత లాభం చూసుకోకూడదు. అతని తప్పిదం వల్ల నష్టం జరిగితే తన జేబులోంచి పూడ్చాలి. ఎన్నేళ్లు సాగుచేసినా స్వాధీనం వల్ల పొలం తనదైందని చెప్పుకోలేడు. అతని నుంచి ట్రస్టు ఆస్తిని రాబట్టడానికి వేసే దావాకు కాలదోషం కూడా పట్టదు. ఇంత చేసినా, వీలునామాలో రాస్తే తప్ప అతనికి ప్రతిఫలం అడిగే హక్కు లేదు.

ఇంత బరువు మోయడానికి ఎవరినీ బలవంతపెట్టలేం. ట్రస్టీగా ఉండనని చెప్పే హక్కు ప్రతివారికీ ఉంది. కాబట్టి ముందుగా అడిగి ఒప్పించాలి. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ 1895లో రాసిన వీలునామాలో బహుమతులను ఇవ్వాల్సిన సంస్థలను పేర్కొన్నారే గాని వాటిని ముందుగా సంప్రదించలేదు. ఆయన 1896లో మరణించాక వారిని ఒప్పించడానికి, బంధువుల అభ్యంతరాలను పరిష్కరించడానికి ఏళ్లు పట్టి, తొలి బహుమతులు 1901లో గాని ఇవ్వలేకపోయారు. అంత సంపన్నుని ఏర్పాటుకే ఇన్ని తిప్పలు వచ్చాయి.

మన ఉదాహరణలో అందరికీ ముందుగా తోచే పేరు అన్నదే. అన్న ట్రస్టీగా ఉండటం తప్పు కాదు. కానీ చాలా వీలునామాల్లో అన్నే ఏకైక ట్రస్టీ, తమ్ముడు మరణించాక మిగిలిన ఆస్తికి అన్నే వారసుడు. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో ఆలోచించండి. తమ్ముడి మీద ఖర్చు చేసే ప్రతి రూపాయీ రేపు తనకు రావలసిన రూపాయే. మంచివాణ్ణి కూడా ఇది పరీక్షకు పెడుతుంది. తమ్ముడికి మంచి ఆసుపత్రి అవసరమా, కరీంనగర్ తీసుకుపోతే చాలదా అన్న లెక్క తెలియకుండానే మనసులోకి వస్తుంది. ఇది ఈ పద్ధతిలో సర్వసాధారణంగా కనిపించే లోపం, తేలికగా సరిచేయగలిగే లోపం కూడా. అన్నతోపాటు అక్కనో, మేనమామనో, విశ్వాసపాత్రుడైన బయటివ్యక్తినో రెండో ట్రస్టీగా పెట్టవచ్చు. వీలునామాలో వేరుగా రాయకపోతే ట్రస్టీలందరూ కలిసే వ్యవహరించాలి కాబట్టి ఇద్దరి సంతకాలూ ఉంటేనే డబ్బు కదులుతుంది. మిగిలిన ఆస్తిని తోబుట్టువులిద్దరికీ సమానంగా రాసినా ఒత్తిడి కొంత తగ్గుతుంది. ఒక ట్రస్టీ మరణిస్తే తరువాత ఎవరో కూడా రాయాలి. రాయకపోయినా ట్రస్టు చచ్చిపోదు. అవసరమైతే కోర్టు కొత్త ట్రస్టీని నియమిస్తుంది. కానీ అందుకు దరఖాస్తు చేసే మనిషి కావాలి.

ట్రస్టీని, సంరక్షకుణ్ణి ఒకటిగా భావించకూడదు. ట్రస్టీ డబ్బు చూస్తాడు, సంరక్షకుడు మనిషిని చూస్తాడు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 18 ఏళ్లు దాటినా చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమించే వీలును 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కల్పించింది. జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. తల్లిదండ్రులు బతికుండగానే ఈ పని పూర్తిచేసుకోవడం మేలు.

4.6 మరణానంతరం ఏం జరుగుతుంది?

వీలునామా చెల్లకపోతే ట్రస్టు లేదు. 1925 నాటి భారతీయ వారసత్వ చట్టంలోని 63వ సెక్షన్ ప్రకారం రాసిన వ్యక్తి సంతకం లేదా వేలిముద్రతోపాటు కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రేపు వివాదం వస్తే ఆ సాక్షుల్లో ఒకరైనా, బతికుంటే, కోర్టుకు వచ్చి చెప్పాలి. రిజిస్టరు చేసిన వీలునామాకూ ఇదే నియమం. కాబట్టి గవాయిలుగా వృద్ధులను కాకుండా వయసులో చిన్నవారిని, ఆ ఆస్తితో ఏ సంబంధమూ లేనివారిని ఎంచుకోవాలి. ముంబయి, చెన్నై, కోల్‌కతా వంటి చోట్ల హిందువుల వీలునామాలకు చాలాకాలం ఉన్న ప్రొబేట్ నిర్బంధం మన జిల్లాల్లోని ఆస్తులకు లేదు.

పొలం రికార్డు మారడానికి విరాసత్ కోసం చేసినట్లే తహసీల్దారుకు దరఖాస్తు చేయాలి. ప్రస్తుతం ఇది 2025లో అమల్లోకి వచ్చిన భూ భారతి చట్టం కింద జరుగుతుంది. నోటీసులు, విచారణ ఉంటాయి. ఇక్కడ ట్రస్టీ పేరు ఏ హోదాలో నమోదవుతుందో చూసుకోవాలి. వట్టి పేరు మాత్రమే ఎక్కితే పదేళ్ల తరువాత పొలం కొనడానికి వచ్చినవారికి అది ట్రస్టు భూమి అని తెలిసే దారి ఉండదు. ట్రస్టుకు వేరే పాన్, వేరే బ్యాంకు ఖాతా తీసుకోవాలి.

ఆదాయపు పన్ను గురించి ఒక్క మాట. లబ్ధిదారుల వాటాలు నిర్ణయించని ప్రైవేటు ట్రస్టుల ఆదాయం మీద మామూలుగా అత్యధిక రేటు పడుతుంది. ఒక వ్యక్తి వీలునామా ద్వారా ఏర్పరచిన ఏకైక ట్రస్టుకు ఇందులో మినహాయింపు ఉంది. అందుకే ఒకే వీలునామాలో రెండు, మూడు ట్రస్టులు పెట్టేముందు పన్ను సలహాదారును అడగాలి.

4.7 ఎంతకాలం? ఎవరి కోసం?

ప్రైవేటు ట్రస్టు ఆస్తిని తరతరాలుగా కట్టివేయడానికి చట్టం ఒప్పుకోదు. ఈ విషయంలో మైలురాయి అనదగినది కలకత్తాకు చెందిన ప్రసన్న కుమార్ టాగూర్ వీలునామా. ఆయన తన ఏకైక కుమారుడు జ్ఞానేంద్ర మోహన్ క్రైస్తవ మతం స్వీకరించినందుకు అతన్ని పక్కనపెట్టి, ఆస్తిని ట్రస్టీల చేతుల్లో ఉంచి, ఇంకా పుట్టనివారికి సైతం వరుసగా చెందేలా రాశారు. వీలునామాకర్త మరణించేనాటికి జీవించి లేని వ్యక్తికి చేసిన దానం హిందూ న్యాయం ప్రకారం చెల్లదని 1872లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. తరువాతి చట్టాలు ఆ కాఠిన్యాన్ని సడలించాయి గాని హద్దు మిగిలే ఉంది. స్థూలంగా చెప్పాలంటే, జీవించి ఉన్నవారి ఆయుష్షు, దాని వెంట ఒక మైనరుకు యుక్తవయసు వచ్చేంతవరకే ఆస్తిని నిలిపి ఉంచవచ్చు. ఒక కొడుకు జీవితకాలం కోసం పెట్టే ట్రస్టుకు ఇది అడ్డం కాదు.

ధర్మకార్యాల ట్రస్టులకు ఈ కాలపరిమితి లేదు, 1882 చట్టమూ వర్తించదు. తెలుగువారిలో ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ కోరంగికి చెందిన మల్లాడి సత్యలింగ నాయకర్. ఆయన రంగూన్ రేవులో వ్యాపారం చేసి గడించిన సంపదను వీలునామా ద్వారా ధర్మానికి రాశారు. కాకినాడ జగన్నాథపురంలోని ఎం.ఎస్.ఎన్. చారిటీస్ అలా ఏర్పడిందే. ముంబయిలో సర్ రతన్ టాటా ట్రస్టు 1919లో ఏర్పడింది, అంతకుముందు ఏడాది మరణించిన సర్ రతన్ టాటా వీలునామాను అనుసరించి. ఈయన జంషెడ్జీ కుమారుడు. మనకు బాగా తెలిసిన రతన్ టాటా వేరు. మద్రాసు వ్యాపారి పచ్చయప్ప మొదలియార్ 1794లో మరణిస్తూ ఆస్తిని ధర్మానికి రాసినా, నిర్వహణలోని అవకతవకల వల్ల కోర్టులు జోక్యం చేసుకొన్నాకగాని ఆ డబ్బుతో పాఠశాల మొదలుకాలేదు. అది 1842లో. దాదాపు అర్ధ శతాబ్దం పట్టిందన్నమాట.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

ఒక వీలునామాలోని ఈ వాక్యాన్ని చదవండి: "నా తదనంతరం నా పొలము, రొక్కము నా పెద్ద కుమారునికి చెందవలెను. అతడు నా చిన్న కుమారుని జీవితాంతము పోషించునని నమ్ముచున్నాను. నెలకు రూ. 5,000 ఇవ్వవలెను. చిన్న కుమారుని అనంతరము సమస్తము పెద్ద కుమారునిదే."

1. ఇందులో ట్రస్టు ఏర్పడిందని వాదించడానికి ఏ మాటలు ఉపయోగపడతాయి? ఏర్పడలేదని వాదించడానికి ఏవి?

2. పొలం వీలునామాకర్త జీవితకాలంలోనే భూసేకరణలో పోతే చిన్న కుమారుని పరిస్థితి ఏమిటి?

3. ఈ వాక్యాన్ని 4.3, 4.5 లలోని అంశాల ఆధారంగా మీ మాటల్లో తిరగరాయండి. రాశాక, పెద్ద కుమారుడు మరణిస్తే నెల డబ్బు ఎవరు ఇస్తారో మీరు రాసినదాంట్లో ఉందో లేదో చూసుకోండి.